నతానియేలు తలపోటు మిషను

కిందటి ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున పదకొండు గంటలకు, ప్రత్తిపాడులో నతానియేలు రిపేరు చేస్తున్న మెదడు ఉండాల్సిన చోటు వదిలి, పన్నెండు అడుగుల దూరంలో దండెం మీద ఆరుతున్న ఆయన భార్య చీర మీద పడింది. లేత పసుపు రంగు మంగళగిరి చీర అది. సంఘంలో ఆడవాళ్ళ మీటింగుకి ఒక్కసారి కట్టుకుని, ఉతికి, గంజి పెట్టి ఆరేసింది సంతోషకుమారి. మెదడు రాణి రంగుది. దారిలో ఒక కోడి ఉంది గాని దానికేమీ కాలేదు.

నతానియేలు స్పానరు కింద పెట్టి, చీర దగ్గరికి నడిచి వెళ్ళి, మెదడును మూడు చోట్ల నుంచి గోకి గిన్నెలోకి ఎత్తాడు. తర్వాత టేపు తెచ్చి దూరం కొలిచి, ఎందుకైనా మంచిదని గోడ మీద సుద్దతో రాసుకున్నాడు.

"ఏంటయ్యా అది?" వంటింటి గుమ్మంలోంచి సంతోషకుమారి అడిగింది.

"మెదడు."

"ఎవరిది?"

"మహిమది."

"మరి చీరెవరిది?"

నతానియేలు గిన్నె పట్టుకుని మళ్ళీ స్పానరు దగ్గరికి నడిచాడు.

నతానియేలుకి యాభై రెండేళ్ళు. గుంటూరు వెళ్ళే రోడ్డు పక్కన రేకుల షెడ్డు, దాని మీద "ఎబెనేజరు స్ప్రేయర్ వర్క్స్" అని బోర్డు. పత్తికీ మిర్చికీ మందు కొట్టే పంపులు బాగుచేయడం ఆయన పని. వాళ్ళ నాన్న వీపున చేతి పంపు మోసుకుంటూ ఊళ్ళో అందరి చేలకీ మందు కొట్టిన మనిషి. ఆ పంపు కారి వీపంతా దద్దుర్లు లేస్తుంటే చూడలేక, ఎనిమిదో తరగతిలో ఉన్న నతానియేలు సైకిల్ ట్యూబు ముక్క కత్తిరించి వాషరు చేసి పెట్టాడు. కారడం ఆగింది. చదువూ అక్కడే ఆగింది. అప్పట్నుంచీ ఏది కారుతున్నా ఆయన చూస్తూ కూర్చోలేడు.

ఆయన పనితనమంతా రెండు వేళ్ళలో ఉంది. పంపు ఆన్ చేయించి, కళ్ళు మూసుకుని, పైపు మీద రెండు వేళ్ళు ఆనించి, వైద్యుడు నాడి చూసినట్టు చూస్తాడు. "రెండో వాల్వు లేటుగా పడుతోంది" అంటాడు. విప్పితే రెండో వాల్వే. ఆ వేళ్ళను అక్కడితో ఊరుకోబెట్టగలిగితే బాగానే ఉండేది. కాని ఎవరు చేయి అందించినా అవి మణికట్టు మీదికి పోతాయి. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు తండ్రి కరచాలనానికి చేయి చాపితే, పట్టుకుని, "వాషరు మార్చే టైమొచ్చిందండీ" అన్నాడట. ఇంకోసారి ఆరాధన అయ్యాక పాస్టరు ప్రేమదాసుగారికి వందనాలు చెబుతూ అలాగే పట్టుకుని, "మీ వాల్వు ఒక్కోసారి ఒక దెబ్బ దాటేస్తోంది అయ్యగారూ" అన్నాడు. అయ్యగారు నాలుగు రోజులు గుంటూరులో ఆస్పత్రుల చుట్టూ తిరిగారు. ఏమీ లేదని తేలింది. అప్పట్నుంచి ఆయన నతానియేలుకి దూరం నుంచే రెండు చేతులూ జోడిస్తారు.

అలాంటి మనిషి దగ్గరికి, చీర సంగతికి ముందు రోజు, శుక్రవారం సాయంత్రం అక్కగారి కూతురు మహిమ ఒక అట్టపెట్టె పట్టుకుని వచ్చింది. గుంటూరులో ఇంజనీరింగ్ కాలేజీలో ఎంటెక్ ఆఖరి ఏడు. పెట్టెలో గాజులా కనిపించే ప్లాస్టిక్ తలకాయ ఉంది. అందులో ఉడకబెట్టి గడ్డకట్టించిన చైనా గడ్డితో చేసిన మెదడు. బయటికి కనబడాలని దానికి మిఠాయిల్లో వేసే రాణి రంగు కలిపింది. చుట్టూ నీళ్ళు. ఒక పక్కన నిమిషానికి డెబ్బై సార్లు కొట్టే చిన్న బ్యాటరీ పంపు. అది గుండెకాయ.

"మన తలకాయ మూత బిగించిన డబ్బాలాంటిది మావయ్యా," అంది మహిమ. "గుండె కొట్టుకున్నప్పుడల్లా అందులోకి కాస్త నెత్తురు తోసుకొస్తుంది. డబ్బా సాగదుగా, లోపల ఒత్తిడి లేచి పడుతుంది. ఒక్కో దెబ్బకి మూడు చిన్న కెరటాలు లేస్తాయి. మొదటిది ఎత్తు, రెండోది కాస్త పొట్టి, మూడోది ఇంకా పొట్టి. మెట్లు దిగినట్టు ఉంటే మనిషి బాగున్నట్టు. రెండోది మొదటిదాన్ని మించిందా, లోపల చోటు లేదు, మెదడు ఇరుక్కుపోతోందని అర్థం."

"ఆ రెండోదానికి పేరేమన్నా ఉందా?"

"పోటు కెరటం అంటాం."

నతానియేలు మొహం వెలిగింది. "వాడరేవులో ఆటూ పోటూ అంటారే, ఆ పోటేనా?"

"ఆ పోటే."

"మరి నీ గొడవేంటమ్మా?"

గొడవ ఏమిటంటే, మహిమ లాప్‌టాప్‌లో లెక్క వేస్తే మూడు కెరటాలూ మెట్లు దిగినట్టు బుద్ధిగా వస్తున్నాయి. ఆమె గైడు ఆ బొమ్మ చూసి, "లెక్క రాసింది నువ్వు, కాబట్టి అది నీ మాట వింటుంది. నీ మాట వినని వస్తువుతో చేసి చూపించు" అన్నారు. చేసింది. వస్తువు నిజంగానే ఆమె మాట వినలేదు. పంపు పెట్టి లోపలి ఒత్తిడిని తెర మీద గీయిస్తే ప్రతిసారీ రెండో కెరటమే తల ఎత్తుకుని నిలబడుతోంది.

"మా తలకాయ పుట్టినప్పట్నుంచీ ఐసీయూలోనే ఉంది మావయ్యా. రెండుసార్లు తిప్పి పంపారు. వచ్చే శుక్రవారం ఆఖరిసారి, బయట నుంచి మేడమ్ వస్తున్నారు. ఈసారీ కాదంటే వచ్చే ఏడు జూనియర్లతో కూర్చోవాలి," అంటూ మహిమ కళ్ళు తుడుచుకుంది.

కారేదాన్ని ఆయన చూస్తూ కూర్చోలేడని చెప్పాను కదా. "పంపులో బలం లేదమ్మా, అంతే," అన్నాడు. మర్నాడు బ్యాటరీ పంపు పక్కన పెట్టి, ఎకరం మిర్చికి గంటలో మందు కొట్టే తైవాన్ పంపును తలకాయకి బిగించి ఆన్ చేశాడు. చీర వరకు మీకు తెలిసిందే.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి నతానియేలూ మహిమా కలిసి సంతోషకుమారి స్టవ్వు మీదే రెండో మెదడు వండారు. "నా ఇడ్లీ గిన్నెలో మాత్రం వద్దు," అందామె. ఇడ్లీ గిన్నెలోనే వండారు, ఆ గుంట తలకాయకి సరిగ్గా సరిపోయింది మరి. ఈసారి నతానియేలు పాత బ్యాటరీ పంపే పెట్టాడు. మళ్ళీ ఎక్కడా పేలకుండా అతుకులన్నీ ఎమ్‌సీల్‌తో పూడ్చాడు. మెడ దగ్గర నీళ్ళు నింపే రంధ్రానికి రెండు పొరలు వేశాడు. తెర మీద రెండో కెరటం ఇంకో వేలెడు పెరిగింది.

సోమవారం పొద్దున మహిమ షెడ్డు ముందు నిలబడి ఫోనులో స్నేహితురాలితో అంటోంది: "అదేనే, తలలో పోటు తగ్గట్లేదు. మావయ్య ఆ మిషను మీదే ఉన్నాడు. తగ్గిస్తానంటున్నాడు." పక్కన టీ కొట్టు కోటి చెవికి ఇందులో మూడే మాటలు అందాయి: తల, పోటు, మిషను. కోటి మంచివాడు. విన్నది తన దగ్గరే దాచుకునే స్వార్థం అతనికి లేదు.

అది మిరపకాయల సీజను. కల్లాల్లో రంగు వెలిసిన తాలుకాయలు ఏరి తొడిమలు తీసే ఆడవాళ్ళకి ఆ ఘాటుకి సాయంత్రానికల్లా తల దిమ్మెక్కిపోతుంది. మధ్యాహ్నానికి ఎబెనేజరు స్ప్రేయర్ వర్క్స్ ముందు పదకొండు మంది తలలకు తువాళ్ళు బిగించి కట్టుకుని కూర్చున్నారు. ముందు వరసలో మాణిక్యమ్మ. ఆమె కల్లానికి మేస్త్రి. ఆమె మాట కల్లం దాటి రోడ్డు మీద కూడా వినబడుతుంది.

"ఏమయ్యో నతానియేలూ! తలపోటు మిషను పెట్టావంట, మాకు చెప్పనేలేదే?"

"అది మందు మిషను కాదు పిన్నీ. పరీక్షకి."

"పరీక్ష చేసే మందిస్తారు ఎక్కడైనా. ముందు పరీక్షే చెయ్యి."

"అది మనుషులకి కాదు పిన్నీ..."

"అంటే? మేం మనుషులం కాదా? పెద్దోళ్ళకైతే పెడతావు, కాయలేరుకునేవాళ్ళకి పెట్టవా?"

"మహిమా, నువ్వు చెప్పమ్మా," అన్నాడు నతానియేలు దిక్కుతోచక. మహిమ పావుగంట ఓపిగ్గా చెప్పింది. అందరూ శ్రద్ధగా విన్నారు. చివర్లో మాణిక్యమ్మ, "సరేనమ్మా, పాపం బాగా చదువుకున్నావు. ఇప్పుడు వరస ఎక్కణ్ణుంచి?" అని చేయి చాపింది.

చేయి చాపితే ఆయన వేళ్ళ సంగతి తెలిసిందే. అవి వెళ్ళి మణికట్టు మీద కూర్చున్నాయి. "చూశారా, మొదలెట్టాడు!" అంది మాణిక్యమ్మ వెనక్కి తిరిగి. ఇక మిగిలిన పది చేతులూ లేచాయి. నతానియేలు ఒక్కొక్కరి నాడీ చూసి, ఇంకేం చెప్పాలో తోచక, "మంచినీళ్ళు తాగండి. ఘాటుకి మూతికి గుడ్డ కట్టుకోండి" అంటూ పోయాడు. నిజం చెప్పాలంటే అంతకు మించిన మందు ఎవరి దగ్గరా లేదు. మర్నాడు పద్దెనిమిది మంది వచ్చారు.

నాడి చూపించుకున్నవాళ్ళు వెళ్ళిపోతే బాగుండేది. కాని బల్ల మీద రాణి రంగు మెదడు ప్లాస్టిక్ తలకాయలో డుబుక్ డుబుక్‌మని కొట్టుకుంటుంటే వదిలి వెళ్ళాలని ఎవరికనిపిస్తుంది? మంగళవారం సాయంత్రం మాణిక్యమ్మ ఆ తలకాయకి ఎదురుగా స్టూలు వేసుకుని చాలాసేపు దాన్ని జాలిగా చూసింది.

"దీనికీ తలపోటేనా?"

"దీనికేనండీ. అసలు పేషెంటు ఇదే," అంది మహిమ.

"ఎందుకు రాదు? ఆ మెడ చూడు, ఎట్టా బిగేశారో! నాకైనా అంతే, పొద్దస్తమానం వంగి కూర్చుంటే ముందు మెడ పట్టేస్తుంది, ఆ ఎనక తల పగిలిపోద్ది. మెడ వదులు చెయ్యండ్రా దానికి, పుణ్యముంటది."

ఎవరో నవ్వారు. నతానియేలు నవ్వలేదు. స్పానరు కింద పెట్టాడు. తర్వాత మెల్లగా మూలకి వెళ్ళి, ట్రాక్టరుకి తగిలించే పెద్ద పంపు మీద ఇత్తడి బుడ్డిలాంటి దాన్ని చేత్తో తట్టాడు. అందులో ఉత్త గాలే ఉంటుంది. పంపు కొట్టే ప్రతి దెబ్బకీ ఆ గాలి కాస్త నొక్కుకుని, కాస్త విడిచి, దెబ్బను మెత్తన చేస్తుంది. అది పాడైతే పైపు పాములా ఎగిరి పడుతుంది. ముప్పై ఏళ్ళుగా ప్రతి రైతునీ "గాలి బుడ్డి చూసుకోకుండా పంపు ఎట్టా ఆడించావయ్యా?" అని తిట్టిన మనిషి, తన తలకాయకి గాలి బుడ్డే పెట్టలేదు. పైగా దాని చోటును రెండు పొరల ఎమ్‌సీల్‌తో పూడ్చాడు.

"మహిమా, మన తలకాయలో నీళ్ళు ఎటన్నా పోయే దారి ఉంటుందామ్మా?"

"ఉంటుంది మావయ్యా, మెడలోంచి కిందికి. వెన్నులో సంచిలాగా ఉంటుంది. గుండె కొట్టినప్పుడల్లా కాసిని నీళ్ళు అందులోకి జారి, మళ్ళీ..." అంటూ మహిమ ఆగిపోయి నెత్తి మీద చేయి పెట్టుకుంది. "నా లెక్కలో ఉంది! సాగే గుణం అని ఒక అక్షరం పెట్టాను. అక్షరం పెట్టి, వస్తువు పెట్టడం మర్చిపోయాను!"

కావలసింది ఇప్పుడు సాగే సంచి. బెలూను మరీ వదులు. సైకిల్ ట్యూబు మరీ బిగువు. నతానియేలు చూపు వంటింటి వైపు వెళ్ళింది. అక్కడ గోడకి సంతోషకుమారి మోకాలి నొప్పికి పెట్టుకునే వేడినీళ్ళ రబ్బరు సంచి వేలాడుతోంది.

"చీర అయింది, ఇడ్లీ గిన్నె అయింది. ఇప్పుడు నా మోకాలా?" అంది సంతోషకుమారి.

"అత్తయ్యా, శుక్రవారం వరకే," అని మహిమ ఆమె చేతులు పట్టుకుంది. సంతోషకుమారి ఆ పిల్ల మొహం చూసి, సంచి తీసి మొగుడి చేతిలో విసిరినట్టు పెట్టింది. "నీ మొహం చూసి కాదు," అని చెప్పి మరీ లోపలికి వెళ్ళింది.

మెడ తవ్వి, స్ప్రేయర్ పైపు ముక్క దూర్చి, క్లిప్పు బిగించి, సంచిలో సగం నీళ్ళు, సగం గాలి నింపారు. పంపు ఆన్ చేశారు. తెర మీద గీత లేచింది. మొదటి కెరటం ఎత్తుగా, దాని పక్కన రెండోది తల వంచుకుని, మూడోది ఇంకా కిందికి. మహిమ కేక పెట్టింది. ఆ కేకకి కోటి టీ గ్లాసులు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. "తగ్గిందా?" అన్నాడు. "తగ్గింది!" అన్నారందరూ. బుధవారం ఇరవై ఆరు మంది వచ్చారు.

శుక్రవారం పొద్దున మావయ్యా మేనకోడలూ గుంటూరు బస్సెక్కారు. తలకాయను తువాలులో చుట్టి నతానియేలు ఒళ్ళో పెట్టుకున్నాడు. కింద నుంచి వేడినీళ్ళ సంచి వేలాడుతోంది. పుల్లడిగుంట దాటాక బస్సు ఒక గుంతలో పడి లేచింది. ఆ కుదుపుకి స్విచ్చు నొక్కుకుని తలకాయ డుబుక్ డుబుక్‌మనడం మొదలుపెట్టింది.

పక్క సీట్లో కూర్చున్నావిడ తువాలు వంక చూసింది. "ఏంటండీ, కొట్టుకుంటోంది?"

"తలకాయండి," అన్నాడు నతానియేలు మర్యాదగా.

"ఎవరిది?"

"ఎవరిదీ కాదండి. పరీక్షకి తీసుకెళ్తున్నాం."

ఆవిడ లేచి, గుంటూరు దాకా నిలబడే వచ్చింది.

స్విచ్చు ఆపితే సరిపోయేది. ఆయన ఆపలేదు. రెండు వేళ్ళు తువాలు లోపలికి పోనిచ్చి, ఆ నాడి మీద పెట్టుకుని కూర్చున్నాడు. మెత్తగా, వదులుగా, ఒక్క దెబ్బ తప్పకుండా కొట్టుకుంటోంది. ఒళ్ళో చంటిపిల్ల నిద్రపోతున్నట్టుందని, ఆపబుద్ధి కాలేదని తర్వాత తనే ఒప్పుకున్నాడు. కిటికీ పక్కన మహిమ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది.

పరీక్ష గదిలో మేడమ్ ముందు, గైడు గారి ముందు తలకాయను బల్ల మీద పెట్టి మహిమ స్విచ్చు నొక్కింది. పంపు మూడు దెబ్బలు కొట్టి ఆగిపోయింది. బ్యాటరీ అంతా బస్సులోనే అయిపోయింది. చార్జరు ప్రత్తిపాడులో ఉంది.

మహిమ మావయ్య వంక చూసింది. మావయ్య నేల వంక చూశాడు. మేడమ్ గడియారం చూసుకున్నారు. "నాకు పన్నెండింటికి రైలుంది అమ్మా. నడవకపోతే నడవలేదని రాసేస్తాను."

అప్పుడు నతానియేలు తన చేతిసంచిలోంచి చిన్న చేతి పంపు బయటికి తీశాడు. కొందరి జేబులో దువ్వెన ఉన్నట్టు ఆయన సంచిలో అది ఎప్పుడూ ఉంటుంది. రెండు నిమిషాల్లో బ్యాటరీ పంపు విప్పి దీన్ని తగిలించాడు. కుడి చేత్తో పంపు పట్టుకుని, లెక్క తప్పకుండా ఎడమచేతి రెండు వేళ్ళూ తన మెడ మీద పెట్టుకుని, తన గుండె ఎలా కొడితే పంపు అలా కొట్టడం మొదలుపెట్టాడు.

తెర మీద మూడు మెట్లూ చక్కగా దిగాయి. మేడమ్ ముందుకి వంగారు. నిమిషానికి డెబ్బై రెండు. బాగుంది. తర్వాత కళ్ళద్దాలు సర్దుకుని నతానియేలు వైపు తిరిగి, "మీరెవరు? ఏ కాలేజీ?" అని అడిగారు.

తెర మీద ఎనభై ఆరు. తొంభై నాలుగు. నూట ఎనిమిది.

"ఏమిటమ్మా, గుండె వేగం ఎందుకు పెరుగుతోంది?"

మహిమ మావయ్య మెడ మీది రెండు వేళ్ళ వంక చూసింది.

"అది నా గుండె మేడమ్," అన్నాడు నతానియేలు, పంపు ఆపకుండా. "మీరు నన్నడిగారు కదా, అందుకని."

మేడమ్ చాలాసేపు నవ్వారు. నవ్వు ఆపుకుని, "సరే, వేగం పెరిగినా మెట్లు మాత్రం చెదరలేదు. ఇప్పుడు ఆ మెడ దగ్గర సంచి దారి మూసెయ్యండి చూద్దాం" అన్నారు. మహిమ పైపును గట్టిగా నొక్కి పట్టింది. రెండో కెరటం వెంటనే తల ఎత్తి మొదటిదాన్ని మించింది. వదిలింది. మళ్ళీ తల దించుకుంది. మేడమ్ మూడుసార్లు నొక్కించి, మూడుసార్లు వదిలించారు. నతానియేలు భుజం లాగేసింది గాని ఆపలేదు.

"ఈ సంచి ఆలోచన ఎవరిది?"

"మాణిక్యమ్మగారిది మేడమ్," అంది మహిమ. అబద్ధమాడడం ఆ పిల్లకి రాదు.

"ఏ డిపార్ట్‌మెంటు?"

"మిరపకాయల తొడిమలు తీస్తారు మేడమ్."

గైడు గారు దగ్గారు. మేడమ్ మాత్రం ఆ పేరు కాగితం మీద రాసుకుని, దాని కిందే సంతకం పెట్టేశారు. మహిమ ఆ కాగితం చూసుకుని మావయ్య భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఈసారి కారుతున్నా ఆయన బాగుచేయబోలేదు.

సాయంత్రం షెడ్డు ముందు ముప్పై మంది ఉన్నారు. తలకాయ పాసయిందని మహిమ చెప్పగానే, తమ తలలే పాసయినట్టు అందరూ చప్పట్లు కొట్టారు. కోటి టీ పోశాడు. పాస్టరు ప్రేమదాసుగారు కూడా వచ్చారు గాని, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకునే అభినందించారు.

అందరూ వెళ్ళాక సంతోషకుమారి దండెం మీది చీర తెచ్చి మొగుడి ముందు పరిచింది. "ఆరు రోజుల్నుంచి ఉతుకుతున్నానయ్యా. సబ్బయింది, నిమ్మకాయ అయింది, కిరసనాయిలయింది. మెదడు పడ్డ మూడు చోట్లా మూడు మరకలూ అట్టాగే ఉన్నాయి. ఈ చీర గతేంటి ఇప్పుడు?"

నతానియేలు చీర మీదికి వంగి, ఎడమ నుంచి కుడికి మూడు మరకల్నీ రెండు వేళ్ళతో తాకి చూసి అన్నాడు:

"మొదటిది పెద్దది, రెండోది పొట్టిది, మూడోది ఇంకా పొట్టిది... దీనికేం, ఆరోగ్యంగా ఉంది."